ఈ నాలుగు విటమిన్లు మూత్రంలో పోవు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 54. కీళ్ల నొప్పులని వెళితే రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి తక్కువగా ఉందన్నారు. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు వేసుకోమని 50,000 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) క్యాప్సూళ్లు రాశారు. నొప్పులు తగ్గాయి కదా అని వాటిని ఆపలేదు, నాలుగు నెలలుగా వేసుకుంటూనే ఉన్నాను. ఐదు వారాల కిందట మా అబ్బాయి ఎ, డి, ఇ, కె నాలుగూ కలిసిన క్యాప్సూళ్లు తెచ్చాడు. ఇంట్లో నలుగురమూ రోజుకొకటి వేసుకుంటున్నాం. మా వారికి 61 ఏళ్లు. గుండెలో లోహపు కవాటం అమర్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడుతున్నారు. కొవ్వు మంచిది కాదని ఆయన నూనె, వెన్న పూర్తిగా మానేశారు. మొన్న పరీక్షలో, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ అంకె తగ్గిందని వార్ఫరిన్ మోతాదు పెంచారు. కోడలికి ఆరో నెల. విటమిన్లు ఎక్కువైనా శరీరం మూత్రంలో పంపేస్తుందని అబ్బాయి అంటాడు. నిజమేనా? వీటిని ఎంతకాలం వాడవచ్చు? సీసా మీద ఇలా ఉంది: విటమిన్ ఎ, రెటినాల్ రూపంలో 10,000 ఐయూ. డి3 5,000 ఐయూ. ఇ 400 ఐయూ. కె 100 మైక్రోగ్రాములు. ఇంకొక మాట, ఈ మధ్య నాకు దాహం, మలబద్ధకం ఎక్కువయ్యాయి. దానికి కూడా ఏదైనా విటమిన్ ఉంటే చెప్పండి.

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వరుసలో జవాబు చెప్పలేను. ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. మీ వారి గుండె వైద్యునికి ఈ రోజే ఫోను చేసి, ఆయన ఐదు వారాలుగా విటమిన్ కె ఉన్న క్యాప్సూల్ వేసుకుంటున్నారని చెప్పండి. సీసా మీది అంకెలన్నీ చదివి వినిపించండి. ఐఎన్‌ఆర్ ఎందుకు తగ్గిందో బహుశా అక్కడే తెలిసిపోతుంది.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లలో నాలుగింటిని, అంటే 2, 7, 9, 10 అనే అంకెలతో పిలిచే వాటిని, కాలేయం విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. కాల్షియాన్ని పట్టుకునే కొక్కెం లాంటి భాగాన్ని ఆ ప్రోటీన్లకు అమర్చడం కె చేసే పని. ఆ కొక్కెం లేకపోతే ప్రోటీన్ తయారైనా పనికి రాదు. ఒకసారి పని చేశాక కె తన శక్తిని కోల్పోతుంది. శరీరం దాన్ని పారేయకుండా మళ్లీ పనికి వచ్చే రూపంలోకి మార్చుకుంటుంది. వార్ఫరిన్ సరిగ్గా ఈ మార్పునే అడ్డుకుంటుంది. లోహపు కవాటం మీద రక్తం గడ్డలు కట్టకుండా ఉండేందుకు మీ వారి వైద్యుడు ఈ అడ్డంకిని ఎంతో జాగ్రత్తగా కొలిచి పెట్టారు. మీరు అవతలి వైపు నుంచి రోజూ కొత్త కె అందిస్తుంటే ఆ కొలత తప్పింది, ఐఎన్‌ఆర్ తగ్గింది. క్యాప్సూల్ సంగతి తెలియని వైద్యుడు మందు పెంచారు.

ఇక్కడే మరో ప్రమాదం ఉంది. నా జవాబు చదివి మీరు కంగారుగా మీ వారి క్యాప్సూల్ ఆపేసి ఊరుకుంటే, పెంచిన వార్ఫరిన్ మాత్రం మిగిలిపోతుంది. అప్పుడు ఐఎన్‌ఆర్ హద్దు దాటి పైకి పోయి రక్తస్రావం కావచ్చు. క్యాప్సూల్ ఆపవలసిందే, కానీ వైద్యునికి చెప్పి, ఆయన చెప్పిన రోజుల్లో ఐఎన్‌ఆర్ పరీక్షించుకుంటూ, వార్ఫరిన్ మోతాదు సరిచేసుకుంటూ ఆపాలి. అందులోని విటమిన్ ఇ వేరే చిక్కు. పెద్ద మోతాదులో అది రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తుంది. అంటే ఒకే క్యాప్సూల్‌లోని రెండు విటమిన్లు ఆయన మందును చెరో వైపుకు లాగుతున్నాయి. చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే చర్మం మీద నీలి మచ్చలు, నల్లటి మలం, విపరీతమైన తలనొప్పి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మాట తడబడినా, ముఖం ఒక వైపుకు వంగినా, చెయ్యో కాలో పట్టు తప్పినా అంతే.

వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానేయాలని చాలామంది అనుకుంటారు. మీ ఇంట్లో ఎవరూ ఆ పని చేయకూడదు. ఆకుపచ్చని కూరల్లో కె నిండుగా ఉంటుంది, నిజమే. అయితే వైద్యుడు కోరేది కె లేని భోజనం కాదు, రోజూ దాదాపు ఒకే మోతాదులో కె ఉండే భోజనం. ఒక వారం ఆకుకూరలతోనే గడిపి, మరో వారం వాటిని ముట్టకపోతే ఐఎన్‌ఆర్ ఊగిసలాడుతుంది. ఎప్పుడూ తినేంత తింటూ ఉంటే మందు మోతాదును దానికి తగ్గట్టు నిలపవచ్చు.

ఇప్పుడు మీ సంగతి. ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసిన దాహం, మలబద్ధకం నన్ను ఆపేశాయి. వాటికి మీరు మరో విటమిన్ అడిగారు. నేను మాత్రం ఉన్న విటమిన్‌నే అనుమానిస్తున్నాను. లెక్క చూడండి. వారానికి 50,000 ఐయూ అంటే రోజుకు 7,000 పైచిలుకు. దానికి కొత్త క్యాప్సూల్‌లోని 5,000 కలిపితే రోజుకు 12,000 దాటింది. పెద్దవారికి సాధారణంగా రోజుకు కావలసింది 600 ఐయూ, 70 ఏళ్లు దాటితే 800. వైద్యుని పర్యవేక్షణ లేకుండా దాటకూడని హద్దు 4,000. మీరు కాల్షియం మాత్రలు కూడా వేసుకుంటుంటే వాటి పెట్టె మీద కూడా చూడండి, వాటిలోనూ తరచూ డి కలుపుతారు.

విటమిన్ డి ముఖ్యమైన పని పేగుల్లో కాల్షియాన్ని రక్తంలోకి తీసుకోవడం. చర్మంలోనో ఆహారంలోనో దొరికిన డి మొదట కాలేయంలో ఒక మార్పు పొందుతుంది, తరువాత మూత్రపిండాల్లో రెండో మార్పు పొంది హార్మోను లాగా పనిచేస్తుంది. అది చాలకపోతే పిల్లల ఎముకలు వంగిపోతాయి, పెద్దల ఎముకలు మెత్తబడి నొప్పి పుడుతుంది. మీ నొప్పులు తగ్గడానికి కారణం అదే అయి ఉండవచ్చు, కనుక మొదటి ఎనిమిది వారాల చికిత్సలో తప్పేమీ లేదు. కానీ డి మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. అప్పుడు కనిపించే లక్షణాలు దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వికారం, నీరసం. చాలాకాలం సాగితే మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడతాయి, మూత్రపిండాలే దెబ్బతినవచ్చు. మీరు వాడిన మోతాదుకు అందరిలోనూ కాల్షియం పెరగదు. దాహానికి మధుమేహం కూడా కారణం కావచ్చు. కాబట్టి రెండు డి మందులూ ఆపి, ఈ వారంలోనే రక్తంలో కాల్షియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, చక్కెర, ఒంట్లో డి ఎంత ఉందో చూపే 25 హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. వాంతులు మొదలైనా, మగతగా ఉన్నా వారం కూడా ఆగవద్దు.

పరీక్షలో డి ఎంత ఉండాలన్న విషయంలో వైద్యుల మధ్యే తేడాలున్నాయి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఎముకలకు చాలునని కొందరు, 30 ఉండాలని మరికొందరు అంటారు. 150 దాటితే విషప్రభావం గురించి ఆలోచించాలన్న దాంట్లో పెద్దగా వాదన లేదు. సరిపడా ఉన్నవారు ఇంకా పెంచుకుంటే ఎముకలు అంతకంతకూ గట్టిపడతాయనుకోవడం పొరపాటు.

డి గురించి నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. ఎంతసేపు ఎండలో నిలబడినా శరీరం డి మోతాదు మించనివ్వదు. చర్మంలో తయారైన పదార్థం ఒక స్థాయికి చేరాక, అదే ఎండ దాన్ని పనికిరాని వేరే పదార్థాలుగా మార్చేస్తుంది. అంటే చర్మానికి హద్దు తెలుసు. నోటి ద్వారా వేసుకునే క్యాప్సూల్‌కు అలాంటి కాపలా లేదు. ఎండ అన్నాను కనుక ఇది కూడా చెప్పాలి. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే వెచ్చగా ఉంటుంది గాని డి తయారు కాదు. దానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది.

ఇక మీ అబ్బాయి మాట. విటమిన్ సి, బి వర్గంలోని చాలా విటమిన్లు నీటిలో కరుగుతాయి. అవసరానికి మించినవి చాలావరకు మూత్రంలో వెళ్లిపోతాయి. బి కాంప్లెక్స్ వేసుకున్న రోజు మూత్రం చిక్కటి పసుపు రంగులో రావడం చూసే ఉంటారు, అది బి2 రంగు. (అలాగని అవన్నీ హద్దు లేకుండా మింగదగినవి కావు. బి6ను పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతింటాయి.) మీ సీసాలోని నాలుగూ కొవ్వులో కరిగేవి. మూత్రం నీరు, ఇవి నూనె తత్వం. చేతికి అంటిన నూనె ఉత్త నీటితో ఎలా పోదో, ఇవీ అలా సులువుగా మూత్రంలో పోవు. ఎ ఎక్కువగా కాలేయంలో నిలవ ఉంటుంది. డి, ఇ శరీరంలోని కొవ్వులో చేరతాయి. కె నిలవ మాత్రం తక్కువ, త్వరగా ఖర్చయిపోతుంది. ఈ నిలవే మనకు రక్ష. కొన్ని వారాలు సరైన తిండి లేకపోయినా ఆరోగ్యవంతుని కాలేయంలోని ఎ అతణ్ని కాపాడుతుంది. అయితే నిండిన కాలేయంలోకి రోజూ ఇంకా పోస్తూ ఉంటే అది విషమవుతుంది.

ఇందుకు నాలుగు శతాబ్దాల నాటి సాక్ష్యం ఒకటి ఉంది. 1596లో డచ్ నావికుడు విలియమ్ బారెంట్స్ బృందం ఉత్తర ధ్రువ సముద్రంలో మంచులో చిక్కుకుని, నొవాయా జెమ్ల్యా దీవిలో చలికాలం గడిపింది. వారు ఒక ధ్రువపు ఎలుగుబంటిని చంపి దాని కాలేయాన్ని వండుకుని తిన్నారు. అందరికీ జబ్బు చేసింది. ముగ్గురికి తల నుంచి కాళ్ల దాకా చర్మం ఊడిపోయిందని వారిలో ఒకడైన గెరిట్ డి వీర్ దినచర్యలో రాసుకున్నాడు. ఆ కాలేయంలో విటమిన్ ఎ విపరీతంగా ఉంటుందని 1943లో రొడాల్, మూర్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. ధ్రువ ప్రాంతపు ప్రజలు మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే ఆ కాలేయాన్ని ముట్టేవారు కాదు.

ఇది చదివి విటమిన్ ఎ అంటే భయపడకండి. అది లేకపోతే జరిగేది ఇంకా దారుణం. కంటిలోని రెటీనాలో మసక వెలుతురును పట్టుకునే రొడాప్సిన్ అనే పదార్థంలో సగం పని విటమిన్ ఎ నుంచి వచ్చిన అణువుదే. అది తగ్గితే మొదట రేచీకటి వస్తుంది, తరువాత కన్ను పొడిబారుతుంది, చివరికి నల్లగుడ్డు కరిగి చూపు శాశ్వతంగా పోతుంది. కన్నొక్కటే కాదు, ఊపిరితిత్తులు, పేగుల లోపలి పొరలు కూడా ఎ మీదే ఆధారపడి సూక్ష్మక్రిములను ఆపుతాయి. ఇండొనేషియాలోని ఆచే ప్రాంతంలో అమెరికా కంటి వైద్యుడు ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ ఇచ్చి చూసింది. ఇవ్వని గ్రామాలతో పోలిస్తే మరణాలు 34 శాతం తక్కువగా ఉన్నాయని 1986లో ప్రకటించింది. లోపం ఉన్న పిల్లలకు పడిన ఆ చుక్కలు ప్రాణదానమే. లోపం లేని మనిషి రోజూ మింగే రెటినాల్‌కు అలాంటి గొప్పతనం లేదు.

మీ కోడలి దగ్గరికి వస్తాను. గర్భిణికి రెటినాల్ రోజుకు 3,000 మైక్రోగ్రాములు దాటకూడదు. సీసా మీది 10,000 ఐయూ సరిగ్గా 3,000 మైక్రోగ్రాములే. అంటే ఆ క్యాప్సూల్ ఒక్కటే హద్దు అంచు దాకా తీసుకుపోతుంది, భోజనంలోని ఎ, గర్భిణుల కోసం వైద్యులు రాసిన మాత్రలోని ఎ దానికి అదనం. హద్దు మించిన రెటినాల్ బిడ్డ అవయవాల నిర్మాణాన్ని దెబ్బతీయగలదు. ఆ ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మొదటి వారాల్లో, అవయవాలు రూపుదిద్దుకునే కాలంలో. మీ కోడలు వేసుకోవడం మొదలుపెట్టేసరికి ఆ దశ దాటింది. కనుక గుండె దిటవు చేసుకోండి. అయినా ఆమె ఈ రోజే ఆపాలి, తన ప్రసూతి వైద్యురాలికి ఏమి, ఎన్ని రోజులు వేసుకుందో చెప్పాలి. మందలిస్తారేమోనని దాచవద్దని ఆ అమ్మాయికి మీరే ధైర్యం చెప్పండి. ఇంట్లో పెద్దవారు ఇస్తే వేసుకుంది, ఆమె తప్పేమీ లేదు.

క్యారెట్, గుమ్మడి, ఆకుకూరలు తినవచ్చా అన్న అనుమానం తరువాత వస్తుంది. నిశ్చింతగా తినవచ్చు. వాటిలో ఉండేది రెటినాల్ కాదు, బీటా కెరోటిన్. శరీరం తనకు కావలసినంత మేరకే దాన్ని ఎ గా మార్చుకుంటుంది. మరీ ఎక్కువగా తింటే అరచేతులు పసుపెక్కుతాయి, అంతే. జంతువుల కాలేయం మాత్రం గర్భిణికి వద్దు, అందులో ఉండేది నేరుగా రెటినాలే. అయితే బీటా కెరోటిన్‌ను కూరగాయ నుంచి విడదీసి మాత్రగా చేస్తే కథ మారుతుంది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులపై జరిగిన పరిశోధన ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశిస్తే, 18 శాతం పెరిగింది. మీ ఇంట్లో పొగతాగేవారు ఉంటే ఈ సంగతి వారికి తప్పక చెప్పండి.

మీ వారు నూనె, వెన్న పూర్తిగా మానేశారన్న మాట నన్ను బాధపెట్టింది. ఒక వైపు ఈ నాలుగు విటమిన్లనూ మాత్రగా మింగుతున్నారు, మరో వైపు వాటిని పేగు నుంచి రక్తంలోకి మోసుకుపోయే వాహనాన్ని తీసేశారు. భోజనంలో కొవ్వు ఉంటేనే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని చిన్నపేగులోకి వదులుతుంది. పైత్యరసం సబ్బులా పనిచేసి కొవ్వును సన్నని బిందువులుగా విడగొడుతుంది, క్లోమరసం దాన్ని జీర్ణం చేస్తుంది, ఆ బిందువుల్లో కరిగి ఈ విటమిన్లు పేగు గోడను దాటుతాయి. కొవ్వు బొత్తిగా లేకుండా పచ్చి కూరముక్కలు ఎన్ని తిన్నా వాటిలోని కెరోటిన్ చాలావరకు అలాగే బయటకు పోతుంది. గుండె జబ్బు ఉన్నవారు తగ్గించవలసింది ప్రధానంగా సంతృప్త కొవ్వులు, ట్రాన్స్ కొవ్వులు. వంటలో ఒకటి రెండు చెంచాల మంచి నూనె, గుప్పెడు గింజలు ఆయన గుండెకు శత్రువులు కావు. విటమిన్ ఇ ప్రధానంగా దొరికేది కూడా వాటిలోనే. కణాల పొరల్లోని కొవ్వు పాడైపోకుండా ఇ కాపలా కాస్తుంది. రోజుకు 15 మిల్లీగ్రాములు చాలు, ఆరోగ్యవంతుల్లో దాని లోపం చాలా అరుదు. అయితే ఆహారంలో ఈ మార్పు చేసేటప్పుడు కూడా వైద్యునికి చెప్పండి. కొవ్వు పెరిగితే కె కూడా బాగా ఒంటబడుతుంది, ఐఎన్‌ఆర్ కదులుతుంది. కొన్ని నూనెల్లోనూ కె ఉంటుంది.

ఈ నాలుగూ నిజంగా మాత్రల రూపంలో అవసరమైనవారు ఉన్నారు. పైత్యనాళం మూసుకుపోయినవారు, క్లోమం దెబ్బతిన్నవారు, సిస్టిక్ ఫైబ్రోసిస్, సీలియాక్ వంటి జబ్బులతో కొవ్వు ఒంటబట్టనివారు, బరువు తగ్గేందుకు పేగును మళ్లించే శస్త్రచికిత్స చేయించుకున్నవారు. కొవ్వును పేగులోనే ఆపే ఆర్లిస్టాట్ వంటి మందులు వాడేవారికీ ఇవి తగ్గుతాయి. వారికి వైద్యులు రక్తంలో కొలిచి, తగిన మోతాదు రాస్తారు. మీ ఇంట్లో నలుగురిలో ఎవరూ ఆ కోవలోకి రారు. మీ అబ్బాయి ప్రేమతో తెచ్చాడు, అతణ్ని కోప్పడకండి. సీసాను మాత్రం తిరిగి వాడవద్దు. మీ వారిని తీసుకుని వెళ్లేటప్పుడు దాన్ని కూడా పట్టుకువెళ్లి వైద్యునికి చూపించండి.

ఒక్క విషయం మిగిలింది, మీరు అడగనిది. మరో మూడు నెలల్లో మీ ఇంటికి బిడ్డ వస్తుంది. పుట్టిన కాసేపటికే తొడకు విటమిన్ కె ఇంజెక్షన్ ఇస్తామంటారు. ఈ ఉత్తరం చదివాక మీకు కె అంటే అనుమానం కలిగి వద్దంటారేమోనని నా భయం. వద్దనకండి. తల్లి నుంచి బిడ్డకు మాయ ద్వారా కె చాలా తక్కువగా అందుతుంది. తల్లిపాలలోనూ తక్కువే. అప్పుడే పుట్టిన బిడ్డ పేగుల్లో కె తయారుచేసే బ్యాక్టీరియా ఇంకా స్థిరపడదు. కాలేయంలో నిలవ కూడా చాలా తక్కువ. అలాంటి బిడ్డకు మొదటి వారాల్లో, కొన్నిసార్లు నెలల తరువాత కూడా, ఉన్నట్టుండి మెదడులో రక్తస్రావం కావచ్చు. కోపెన్‌హేగన్‌లో హెన్రిక్ డామ్ అనే శాస్త్రవేత్త 1929లో కొవ్వు లేని మేత పెట్టిన కోడిపిల్లల చర్మం కింద రక్తం చిమ్మడం చూసి, ఏదో తెలియని పదార్థం లోపించిందని వెదకడం మొదలుపెట్టాడు. గడ్డకట్టడాన్ని జర్మన్, డేనిష్ భాషల్లో తెలిపే Koagulation అనే మాటలోని మొదటి అక్షరంతో దానికి కె అని పేరు పెట్టాడు, 1943 నోబెల్ బహుమతిని ఎడ్వర్డ్ డాయిజీతో పంచుకున్నాడు. ఆ వెదుకులాట ఫలమే ఈ ఒక మిల్లీగ్రాము ఇంజెక్షన్. మీ వారి మందుకు అడ్డు వచ్చిన కె, మీ మనవడికో మనవరాలికో ప్రాణం కాపాడే కె ఒకటే. తల్లిపాలు తాగే బిడ్డకు రోజుకు 400 ఐయూ డి చుక్కలు కూడా రాస్తారు. సీసాతో వచ్చిన గొట్టంతోనే, రాసినంతే కొలిచి వేయండి.